అయ్యవారి పూచీ

అయ్యవారు పోయారని నాకు ఎవరూ ఫోను చేసి చెప్పలేదు. మా పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఆయన ఫొటో వచ్చింది, చుట్టూ ఫోనులోనే అతికించిన పూలదండతో. కింద 'మన సంస్థ కరదీపిక రూపశిల్పి ఇక లేరు' అని ఒక వాక్యం. దాని కింద వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు. పెట్టినవాళ్లలో సగం మంది ఆయన్ను కంటితో చూసి కూడా ఉండరు. మేనేజరు మాత్రం చూసినవాడే. అందరికంటే ముందు అతని చేతులే ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. ఉద్యోగం మానేసినా ఆ గ్రూపులో ఇన్నాళ్లు ఎందుకున్నానో నాకే తెలియదు. అప్పటికప్పుడు బయటికొచ్చేశాను.

రూపశిల్పి అంట. ఆ మాట ఆయన చెవిన పడి ఉంటే కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, "ఏం జేసినాడమ్మా ఆ మనిషి? రాసినాడా, రాయించినాడా? ఏదో ఒకటి చెప్పు" అని అడిగి ఉండేవారు. రాయించారు. ఆయన చేసింది అదే. అది చేయకుండా ఉంటే ఎంత బాగుండేదో అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

మాది ప్రొద్దుటూరులో ఆఫీసున్న ఒక ట్రస్టు. పల్లెలు తిరిగి జీవాలకు టీకాలు వేయడం మా పని. జీవాలంటే మా వైపు గొర్రెలూ మేకలే. జమ్మలమడుగులో ఒక కేంద్రం, పులివెందులలో ఒక కేంద్రం ఉండేవి. నేనూ గంగన్నా జమ్మలమడుగు కేంద్రంలో ఉండేవాళ్లం. గంగన్న గొర్రెలు కాచే ఇంటివాడు, ముద్దనూరు దగ్గర పల్లె. ఎంత మొండి పొట్టేలైనా అతని మోకాళ్ల మధ్య కుదురుగా నిలబడేది. నేను సూది వేసి, కాగితంలో రాసుకునేదాన్ని.

అయ్యవారు ప్రభుత్వాఫీసులో గుమాస్తాగా రిటైరయ్యాక మా అందరికీ పెద్దగా వచ్చారు. ప్రొద్దుటూరులో అర్చకుల ఇంటి మనిషి. గొర్రెను దగ్గరగా చూసింది మా దగ్గర చేరాకే. మంద దగ్గరికి వచ్చారంటే పంచె అంచు ఎత్తి పట్టుకుని, గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుని, వాసన తగలని పక్కకు పోయి నిలబడేవారు. పులివెందులవాళ్లు ఆయన వెనక నవ్వుకునేవాళ్లు, గొర్రెను ముట్టని అయ్యోరు గొర్రెలకు పెద్ద అని. ఆయనకు ఆ సంగతి తెలుసు. "నవ్వనీ అప్పా, పని చేస్తాండారు గదా" అనేవారు. పల్లెలో ఎవరు అన్నానికి పిలిచినా చేతులు జోడించి, "నాకు పథ్యం" అనేవారు. ఏం పథ్యమో ఎవరూ అడిగేవాళ్లు కాదు. అయ్యవారు కాబట్టి ఆయనకు అది చెల్లింది. మాకు చెల్లదు. మా పల్లెల్లో పెట్టిన అన్నం కాదని లేచి వస్తే, ఆ ఇంటితో మనకు ఏదో ఉందని అర్థం.

విరాళాలు ఇచ్చేవాళ్లు అడిగారని మేనేజరు ఒకరోజు ఆయన్ను పిలిచి, టీముకు ఒక కరదీపిక కావాలి, నెట్‌లో బోలెడున్నాయి, ఏదో ఒకటి తెలుగు చేసి పెట్టండి అన్నాడు. అయ్యవారు వినయంగా సరేనని వచ్చి, ఆ పని మాత్రం చేయలేదు. మాకు తలా ఒక కాగితం ఇచ్చి, మీరు రోజూ చేసే పని రాయండి అన్నారు.

బడిలో నాకు తెలుగు బాగా వచ్చేది. నీటుగా రాసి ఇచ్చాను. టీకాలు వేయబడును, వివరములు నమోదు చేయబడును, మందులు శీతలముగా ఉంచబడును. ఆయన చదివి కళ్లజోడు పైకి తోశారు.

"ఎవురు ఉంచుతారమ్మా?"

"మేమే సార్."

"మేమే అంటే?"

"నేనూ గంగన్నా."

"ఇద్దరూ అంటే ఎవురూ ఉంచరు. ఒక పేరు చెప్పు."

"ఐసు గంగన్న తెస్తాడు. డబ్బా నేను సర్దుతా."

"అట్ల రాయి. పేరు పెట్టి రాయి. ఉంచబడును అంటే ఎవురూ ఉంచరని అర్థం. సర్వీసంతా నేను రాసింది అదే గదా, నాకు తెలీదా?"

సర్వీసు గురించి ఆయన ఎక్కువ చెప్పేవారు కాదు. ఒకసారి మాత్రం అన్నారు, "నేను రాసిన కాగితం ఒక్కటన్నా ఎవురూ చదివింది లేదమ్మా. సంతకం పెట్టి పక్కకు తోసినారు, అంతే" అని. నవ్వుతూ అన్నారు. నేనూ నవ్వాను. ఆ మాట ఆయనను లోపల ఎంత తినేసిందో నాకు అప్పుడు తెలిసిరాలేదు.

శనివారం శనివారం మేమందరం ఒకచోట చేరేవాళ్లం, ఒకసారి ప్రొద్దుటూరు, ఒకసారి మా జమ్మలమడుగు, ఒకసారి పులివెందుల. ఎవరి క్యారియరు వాళ్లది. జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరిబిండి, ఎవరింట్లోదో కోడికూర. ఆయనది చిత్రాన్నం, బల్లకు ఆ చివర. క్యారియర్లు బల్ల మీదే ఉండేవి గానీ మూతలు తీయకూడదు. ముందు ఆ వారం రాసిన పేజీని ఎవరో ఒకరు లేచి గట్టిగా చదవాలి. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పాలి. అందరూ సరే అన్నాకే మూతలు. "ఆకలి మీదుండే మనిషి అబద్ధం పొడుగ్గా చెప్పలేడప్పా" అనేవారు. నిజమే. కోడికూర వాసన వస్తుంటే ఎవరూ గొప్పలు చెప్పుకునేవాళ్లు కాదు.

ఊర్లోకి పోతే మొదట ఎవరి మందకు సూదులు వేయాలన్న పేజీ మాత్రం ఎంతకీ తెగలేదు. మా పల్లెల్లో అది చిన్న సంగతి కాదు. ఒక వర్గం మందకు ముందు వేస్తే రెండో వర్గంవాళ్లు దొడ్డి తలుపు తీయరు. పులివెందులవాళ్లు సర్పంచి ఇంటి నుంచి మొదలుపెట్టాలన్నారు. గంగన్న నెమ్మదిగా, "సర్పంచి మారితే ఏం జేస్తారప్పా?" అన్నాడు. మళ్లీ రగడ. ఆఖరుకు అయ్యవారే తేల్చారు.

"యా ఊర్లోనైనా పడమటి పక్క నుంచి మొదలుపెట్టండి. ఎవురన్నా కోపం చేసుకుంటే, పొద్దున పూట ఆ పక్కే నీడ ఉంటాది, జీవాలకు మంచిదని చెప్పండి."

ఆ నీడ సంగతి నిజమో కాదో ఎవరూ చూడబోలేదు. కానీ ఆ మాట రాసుకున్న తరవాత ఏ ఊర్లోనూ ముందూ వెనకా అన్న గొడవ రాలేదు. మాకు ఆ పుస్తకం మీద నమ్మకం కుదిరింది అప్పుడే. కొత్తగా చేరినవాళ్లను కూర్చోబెట్టి మేమే చదివి వినిపించేవాళ్లం.

అక్కడితో ఆగి ఉండాల్సింది. ఆగలేదు మహానుభావుడు. జమ్మలమడుగులో చేరిన ఒక శనివారం, "పని ఎట్ల చేయాలో రాసుకున్యాం. ఎట్ల చెడగొట్టినామో రాసుకోలే. అది లేకుంటే ఇది ఉత్త పెండ్లిపత్రిక. పెండ్లిపత్రికలో అందరూ మంచోళ్లే ఉంటారు" అన్నారు.

ఎవరూ తల ఎత్తలేదు. మా వైపు మనుషులు పక్కవాడి తప్పును నడిబజారులో నిలబడి చెప్పగలరు. తమ తప్పును మాత్రం ఇంట్లో పెళ్లానికి కూడా చెప్పరు. ఒప్పుకున్నవాడు లోకువైపోతాడు, ఆ లోకువ పిల్లల దాకా పోతుంది. ఆయనకు అది తెలియక కాదు. అందుకే మొదట తనదే చదివారు. మందుల డబ్బాను బస్సు కండక్టరు చేతికిచ్చి పులివెందులకు పంపి, అక్కడివాళ్లకు ఫోను చేసి చెప్పడం మరిచిపోయారంట. డబ్బా బస్టాండులో ఎండకు ఉండిపోయింది. మందంతా పారబోయాల్సి వచ్చింది. ఇన్నాళ్లూ మేము ఆ తప్పు కండక్టరుదే అనుకున్నాం. ఆయన కాగితం కింద తన పేరు కూడా చదివి కూర్చున్నారు. తరవాత నేను లేచి, రెండు పల్లెల కాగితాలు తారుమారు చేసిన సంగతి చెప్పాను. ఆ తరవాత ఒక్కొక్కరూ చిన్నచిన్నవి ఏవో చెప్పారు. మూతలు తీశాం.

గంగన్న మూత తీయలేదు. అయ్యవారు చూశారు. అందరూ తింటుండగా అతన్ని వరండాలోకి తీసుకుపోయారు. కొంచెంసేపటికి నన్ను పిలిచారు, గంగన్నకు రాత సరిగా రాదు, తను చెప్తే నన్ను రాయమన్నాడని.

"నువ్వు లేని రోజక్కా, నేనొక్కణ్ణే పోయినా" అని మొదలుపెట్టాడు గంగన్న.

జీవాలను విరేచనాలతో చంపే పారుడు రోగానికి వేసే టీకా పొడిగా వస్తుంది. దాన్ని నీళ్లమందులో కలిపినాక ఐసు మీద పెట్టి వెంటనే వేసేయాలి. ఆలస్యమై వేడెక్కిందంటే అది మందు కాదు, ఉత్త నీళ్లే. ఇది మా అందరికీ నిద్రలో లేపి అడిగినా తెలుసు. గంగన్నకు ఇంకా బాగా తెలుసు.

ఆ రోజు అతను పోయింది వాళ్ల దాయాది మందకు. గంగన్న నాయనకూ ఆ దాయాది నాయనకూ దొడ్డి దారి దగ్గర మాటలు పోయి, ఆ రెండిళ్ల మధ్య రాకపోకలే లేవు. టీకాల పేరుతో గంగన్న మొదటిసారి ఆ వాకిలి తొక్కాడు. మందు కలిపి డబ్బాలో పెట్టుకున్నాడు. అప్పుడు ఆ దాయాది తల్లి, గంగన్నకు పెద్దమ్మ వరస, కంచంలాంటి తట్టలో సంగటి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"'నేను పోయేలోగా మా యింట్లో ఒక ముద్ద తినరా నాయినా' అని ఏడ్చింది సామీ. యాడ కాదనేది? కాదంటే మళ్లా మొదటికొస్తాది. తిన్యా. లేవబోతే ఇంగో ముద్ద ఏసింది. మా నాయిన సంగతులు ఎత్తుకునింది. నేను లేచేటప్పటికి ఐసంతా నీళ్లయింది."

"పారబోసి, మళ్లా తెస్తాననాల గదప్పా" అన్నారు అయ్యవారు.

"పారబోస్తే ఎందుకని అడుగుతారు సామీ. నువ్వు పెట్టిన అన్నం తింటాంటే మందు చెడిపోయిందని ఆయమ్మకు ఎట్ల చెప్పేది? ఆ పూటే గదా ఆ యిల్లు కలిసింది."

"వేసినావా?"

"వేసినా."

వానలు మొదలైనాక ఆ మందకు పారుడు రోగం తగిలింది. సగానికి పైన జీవాలు పోయాయి. టీకా వేయించినా పోయాయంటే తలరాత అనుకుని వాళ్లు ఊరుకున్నారు. గంగన్న పోయి వాళ్లతోపాటు గుంతలు తవ్వి పూడ్చి వచ్చాడు.

నేను కలం పట్టుకుని కూర్చున్నాను. రాయమంటారా అని ఆయన వైపు చూశాను. గంగన్న కూడా ఆయన వైపే చూశాడు. "పేరు లేకుండా రాసుకోండి సామీ. పేరుతో రాస్తే నేను ఊర్లో తిరిగేదెట్ల?"

"పేరు లేకుంటే రేపొచ్చేవాడు ఇది కథ అనుకుంటాడప్పా. వాడూ అదే చేస్తాడు." ఆయన గంగన్న భుజం మీద చెయ్యి వేశారు. ఆయన ఎవరినైనా ముట్టుకోగా నేను చూసింది అప్పుడే. "ఈ పుస్తకం మన బల్ల దాటి పోదు. దీని వల్ల నీకు ఏమన్నా అయితే నాది పూచీ."

మా సీమలో పూచీ అన్న మాట ఊరికే వాడరు. స్టేషను నుంచి మనిషిని విడిపించుకొచ్చేటప్పుడు, తెలియని ఇంటికి పిల్లనిచ్చేటప్పుడు, మధ్యలో నిలబడే పెద్దమనిషి అనే మాట అది. గంగన్నకు ఆ మాట చాలు. రాయించాడు. నేను రాసింది చదివి వినిపిస్తే, కింద తనే కూడబలుక్కుంటూ పేరు పెట్టాడు.

లోపలికి వచ్చి నేను ఆ పేజీ గట్టిగా చదివాను. తరవాత పులివెందుల కేంద్రంలో ఒకామె, "నాకూ అయిందప్పా అట్లనే. నేను పారబోసినా గానీ, తిన్నంతసేపూ గుండెకాయ కొట్టుకుంటానే ఉన్నింది" అంది. ఇంకొకరు నాకూ అన్నారు. చూడబోతే అందరికీ అయింది. అన్నానికి పిలవని ఇల్లు మా వైపు ఎక్కడుంది? అందరం కలిసి ఒక నియమం రాసుకున్నాం. మందు కలపకముందే అన్నం సంగతి తేల్చుకోవాల. అన్నం ఉందంటే ముందు తిని, చెయ్యి కడుక్కుని, అప్పుడు కలపాల. చదివి అందరం పగలబడి నవ్వాం. గంగన్న కూడా నవ్వి, అప్పుడు తన క్యారియరు మూత తీశాడు. ఆ పుస్తకం మొత్తంలో పనికొచ్చిన పేజీ అదే. ఆ తరవాత మందు పాడైందన్న మాట మా కేంద్రంలో మళ్లీ వినపడలేదు.

ఇక మేనేజరు. అతని గురించి నన్ను మంచిమాట అడక్కండి. ఒకరోజు మేము ప్రొద్దుటూరు ఆఫీసులో ఉండగా వచ్చి, "మీ పుస్తకం గురించి అందరూ గొప్పగా చెప్తున్నారు సార్. ఒకసారి ఇవ్వండి, పూర్తిగా చదవాలని ఉంది" అన్నాడు. చదవాలని ఉంది. ఆ ఒక్క మాటకు అయ్యవారి ముఖం వెలిగిపోయింది. బీరువా తీశారు. నేను పక్కకు పిలిచి, "సార్, తప్పులు రాసిన వెనక పేజీలు తీసి ఇయ్యండి" అన్నాను.

"చదవనీమ్మా. అవి చదివితేనే గదా మనం చేసింది ఏందో తెలిసేది."

"బల్ల దాటి పోదన్నారు గదా సార్."

"ఈయన మనాయనే గదమ్మా" అన్నారు. పుస్తకాన్ని రెండు చేతులతో తీసుకుపోయి ఇచ్చారు. చిన్నపిల్లవాడు పలక చూపించినట్టు పక్కనే నిలబడి, మొదటి పేజీ తిప్పేదాకా కదల్లేదు.

వారం తిరక్కుండా, కాగితాలు తారుమారు చేసినందుకు నాకు మెమో వచ్చింది. గంగన్నకు 'విధుల నుండి తొలగించడమైనది' అని కాగితం వచ్చింది. ఎవరు తొలగించారో అందులో లేదు. అంతటితో పోయినా బాగుండేది. రేపు ఎప్పుడన్నా బయటపడితే ట్రస్టుకు చెడ్డపేరు రాకూడదని, మేనేజరు ఆ దాయాది ఇంటికి మనిషిని పంపి, మీ జీవాలు పోయింది మా వల్ల కాదు, గంగన్న వల్ల, అతన్ని తీసేశామని చెప్పించాడు.

ఆ దాయాది గంగన్న వాకిట్లోకి వచ్చాడంట. కట్టె పట్టుకుని రాలేదు. ఒట్టి చేతులతో వచ్చి నిలబడి, "మాయమ్మ చేతి కూడు తిని నా జీవాలను సంపినావు గదన్నా" అని, అంతే, వెళ్లిపోయాడంట. మరుసటి రోజు దొడ్డి దారికి అడ్డంగా ముళ్లకంప పడింది. ఇదంతా గంగన్న నాకు ఫోనులో చెప్పాడు. అయ్యవారి మీద ఒక్క మాట కూడా అనలేదు.

నేను ఊరుకోలేదు. ప్రొద్దుటూరు పోయి అయ్యవారి బల్ల ముందు నిలబడ్డాను.

"మాట్లాడినారా సార్?"

"మాట్లాడినానమ్మా. మీ పుస్తకమే గదా చెప్పింది అంటాడు."

"మీరేమన్నారు?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"ఈ ఉద్యోగం మీకు అన్నం పెట్టేది కాదు సార్, మీకు పెన్షనుంది. గంగన్నను తీసేస్తే నేనూ పోతానని కాగితం వాడి ముఖాన కొట్టండి. పూచీ పడినారు గదా."

"నేను పోతే వెనక పేజీలు చించేస్తాడమ్మా. నేనుంటే కాపాడుకుంటా. మనిషిని ఎట్లాగూ పోగొట్టుకున్యాం, పుస్తకమన్నా మిగలాల గదా."

"మీకు మనుషులు చెప్పింది కావాల సార్, మనుషులు అక్కర్లే" అని వచ్చేశాను. పెద్దాయన్ను అట్లా అన్నావా అని మా ఇంట్లో తిట్టారు. ఆ మాటను నేను అప్పుడూ వెనక్కి తీసుకోలేదు, ఇప్పుడు ఆయన పోయారని కూడా తీసుకోను. ఆ నెలలోనే ఉద్యోగం మానేసి, జమ్మలమడుగులో పశువుల మందుల షాపులో చేరాను.

ఆయన ఉండిపోయారు. ఏం కాపాడారో నాకు తెలియదు. చాలా రోజుల తరవాత ఒక ఉదయం షాపు ముందు ఆటో దిగారు. బాగా చిక్కిపోయారు. చేతిలో సంచి. "గంగన్న ఊరికి దారి చూపిస్తావామ్మా?" అన్నారు. కాదనాలనే అనుకున్నాను. యజమానిని అడిగి బయల్దేరాను. ముద్దనూరు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో.

గంగన్న వాకిట్లో తడిక కట్టుకుంటున్నాడు. లేచి, "రాండి సామీ" అన్నాడు. మంచం వాల్చాడు. ఆయన కూర్చున్నారు, నేను అరుగు మీద కూర్చున్నాను. గంగన్న భార్య గడపలోకి వచ్చి మమ్మల్ని చూసి లోపలికి పోయింది.

"ఏం జేస్తాండావప్పా?" అన్నారు అయ్యవారు.

"ఊరోళ్ల జీవాలు కూలికి మేపుతాండా సామీ. ఆ పక్క దారి లే గదా, సుట్టు తిరిగి తోలుకపోతాండా."

అయ్యవారు సంచిలోంచి ఒక పుస్తకం తీశారు. నున్నటి అట్ట, అట్ట మీద గొర్రెపిల్ల బొమ్మ. అచ్చు వేయించారన్నమాట. పేజీలు తిప్పి ఒకచోట వేలు పెట్టారు. "చూడప్పా, నీ పేరు తీసేసినారు. యాడా లేదు. నీ మాట మాత్రం ఉంచినారు. నేనే పట్టుబట్టి ఉంచినా. ఇను." కళ్లజోడు సర్దుకుని చదివారు. "భోజనానంతరము మాత్రమే టీకామందు కలపబడును."

చివరి మాట దగ్గర ఆయన గొంతు తగ్గిపోయింది. మళ్లీ ఒకసారి దాన్ని కళ్లతో చదువుకున్నారు. కిందా మీదా చూశారు, ఇంకేమన్నా ఉందేమోనని.

"బాగుండాది సామీ" అన్నాడు గంగన్న.

"ఇది నీకే తెచ్చినా."

"నాకెందుకు సామీ? నేను సూదులేసేది లే గదా ఇప్పుడు." పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, అట్ట మీద గొర్రెపిల్లను కొంచెంసేపు చూసి, మర్యాదగా రెండు చేతులతో తిరిగి ఇచ్చేశాడు.

"అప్పా, ఆ రోజు నేను పూచీ అన్యా..." అని ఆయన మొదలుపెట్టారు.

"వదిలేయండి సామీ. మీరు రాయమన్యారు, నేను రాయించినా" అన్నాడు గంగన్న. కోపంగా అనలేదు. మళ్లీ తడిక దగ్గరికి పోయి కూర్చున్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చింది. లోపల సంగటి గెలుకుతున్న చప్పుడు, తెల్లగడ్డ తాలింపు వాసన. చప్పుడు ఆగింది. గంగన్న భార్య లోపలి నుంచే, "కూడయింది, రా" అని మొగుణ్ణి పిలిచింది. గంగన్న కొడవలి పక్కన పెట్టి, మా వైపు చూడకుండా లోపలికి పోయాడు. తట్ట నేల మీద పెట్టిన చప్పుడు, చెంబు చప్పుడు మాకు వినిపించాయి.

నేను ఆ పల్లెల్లో పుట్టి, ఆ పల్లెల్లోనే తిరిగినదాన్ని. ఇంటి మొగవాణ్ణి పట్టుకుపోవడానికి వచ్చిన పోలీసుకు ముందు అన్నం పెట్టి, తరవాత శాపనార్థాలు పెట్టిన ఆడవాళ్లను చూశాను. అన్నం వేళకు వాకిట్లో మనిషిని కూర్చోబెట్టి ఇంటివాళ్లు లోపల తినడం నేను అంతకుముందు చూడలేదు. నేను అరుగు మీద నుంచి లేచాను.

"పోదాం సార్" అన్నాను.

ఆయన గడప వైపే చూస్తున్నారు. పుస్తకం ఒళ్లో ఉంది. "ఉండమ్మా" అన్నారు మెల్లగా, "పిలుస్తారేమో."

ఉన్నాం. గంగన్న తిని, చెయ్యి కడుక్కుని, తువ్వాలతో మూతి తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"ముద్దనూరు ఆటో ఈ టయానికే పోతాది సామీ" అన్నాడు. "తప్పితే మళ్లా సాయంత్రమే."